బాయి పండుకున్న రోజులు

నేను మాదాపూర్‌లో దిగిన ఏడాదే అక్కడి గుండ్రటి అద్దాల మేడ తెరిచారు. దాని చుట్టూ అప్పటికింకా బండలే. తెల్లవారుతుండగా డాబా మీది నా గది తలుపు తీస్తే, మంచులో ఆ బండలన్నీ ఎవరో కడిగి బోర్లించిన గిన్నెల్లా తడితడిగా మెరిసేవి. వాటి మధ్య ఎక్కడో ఒక కంకర మిషన్ గురకపెడుతూ ఉండేది. నేను లేచానా, ఇంకా నిద్రలోనే ఉన్నానా అని తేల్చుకునేలోపు కింద వాకిట్లో గిలక కిర్రుమనేది. ఇంటావిడ తొలి బొక్కెన తోడుతున్నదన్నమాట. నాకు తెల్లవారడమంటే ఆ చప్పుడే.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. కృష్ణా కాలువ పక్క ఊరి నుంచి కెమిస్ట్రీ డిగ్రీ పట్టుకుని, మంచినీళ్ల క్యాన్లు నింపే ఒక చిన్న ప్లాంటులో ల్యాబ్ అసిస్టెంటుగా చేరడానికి వచ్చాను. నీళ్లను అమ్ముతారనీ, అందుకు ఒక ల్యాబ్ కావాలనీ మా ఊళ్లో చెబితే ఎవరూ నమ్మలేదు. మాకు తాగడానికి కాలువ నీళ్లే. తొలకరికి కాలువ వదలగానే అవి టీ రంగులో వచ్చేవి. అమ్మ బిందెలో పటిక ముక్కను నాలుగు చుట్లు తిప్పేది. పటిక లేనప్పుడు చిల్లగింజను రాతిమీద అరగదీసి ఆ గంధం కలిపేది. గంటసేపట్లో బురదంతా అడుగుకు దిగి, పైన నీళ్లు తేటపడేవి. వాటిని మరగకాచి, చల్లారాక పలచని గుడ్డలో వడగట్టి కూజాలో పోసేది. చిన్నప్పుడు ఆ బిందె పక్కనే కూర్చుని, బురద మెల్లగా కిందికి జారడం చూస్తూ చూస్తూ అక్కడే నిద్రపోయేదాన్ని.

మా ఇంటావిడకు అరవై దాటి ఉంటాయి. నేను పెద్దమ్మా అనేదాన్ని, ఆమె నన్ను బిడ్డా అనేది. భర్త పోయి చాలా కాలమైంది. రాతి గోడల పాత ఇల్లు, వేపచెట్టు, రెండు మేకలు, వాకిట్లో ఆ బావి, ఇవే ఆమె లోకం. ఆ బావిని ఆమె భర్త, మరిది కలిసి బండ పగలగొట్టి తవ్వారట. రాయి నింపిన తట్టలు ఆమే నెత్తిన మోసి బయట పోసిందట. మూడు ఎండాకాలాలు తవ్వాక, ఒక మధ్యాహ్నం బండ చీలికలోంచి వేలెడంత ధార బయటికొచ్చిందని, ఆ నీళ్లు ముందు ఎవరు తాగాలో తెలియక ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారని చెప్పేది. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయేది.

నేను గది చూసుకోవడానికి వచ్చిన రోజు, మాటలకంటే ముందు ఇత్తడి చెంబుతో నీళ్లిచ్చింది. చల్లగా, కొంచెం తియ్యగా, నాలుక చివర ఏదో రాతి వాసనలాంటిది. చెంబు దించి, గది కూడా చూడకుండానే, ఇక్కడే ఉంటానని చెప్పేశాను.

ఆ వీధిలో అందరికీ ఆ బావే. మునిసిపాలిటీ నల్లా రెండు రోజులకొకసారి సన్నగా వచ్చి పోయేది. బోర్ల నీళ్లు ఉప్పగా ఉండి, గిన్నెల అంచుల్లో తెల్లటి పొరలు కట్టేవి. కట్టడాల దగ్గర పనిచేసే పాలమూరు కూలీల గుడిసెలు మా వీధి చివరే ఉండేవి. ఆ ఆడవాళ్లు పొద్దునా సాయంత్రం బిందెలతో వచ్చి వరసగా కూర్చునేవాళ్లు. పెద్దమ్మ ఎవరినీ కాదనేది కాదు. వాళ్లలో ఒకామె రోజూ తన నాలుగేళ్ల కూతుర్ని తెచ్చేది. ఆ పిల్ల బావి గట్టు మీద గడ్డం ఆనించి లోపలికి చూసి, నీళ్లలో కనిపించే తన మొహంతో ఏవేవో కబుర్లు చెప్పేది.

ప్లాంటు మా ఇంటికి పావుగంట నడక. అక్కడ నీళ్లు ఒక గది నుంచి ఇంకో గదికి ప్రయాణం చేసేవి. ముందు ఇసుక తొట్టి, తర్వాత బొగ్గు తొట్టి, ఆ పైన ఉప్పును ఆపే సన్నని పొరల గొట్టాలు. చివరి గదిలో గాజు గొట్టంలో ఊదారంగు దీపం. ఆ వెలుతురు కిందనుంచి వెళ్తే కంటికి కనిపించని క్రిములు చచ్చిపోతాయి. ఆ గదిలో ఉరుముల తర్వాత వచ్చే గాలి వాసన వేసేది. అది ఓజోన్ వాసన. మధ్యాహ్నం భోజనమయ్యాక నేను ఆ గది బయట నిలబడి, గాజు కిటికీలోంచి ఆ ఊదా వెలుతుర్ని చూస్తూ ఉండిపోయేదాన్ని.

నాకు పని నేర్పింది మా పెద్ద కెమిస్టు. ఆయనది నల్లగొండ వైపు ఊరు. యాభై ఏళ్లకే నడుం వంగేది కాదు. కింద పడిన పెన్ను తీసుకోవాలంటే గోడ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చునేవాడు. పళ్ల మీద గోధుమరంగు చారలు. నవ్వినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ఒకరోజు ఫ్లోరైడ్ పరీక్ష చూపిస్తూ, గులాబీ రంగు నీరు మెల్లగా పసుపులోకి మారుతుంటే, తన ఊరి సంగతి చెప్పాడు. వాళ్ల ఊరి బావి నీళ్లు అద్దంలా ఉండేవట. పక్క ఊళ్లవాళ్లు కూడా మెచ్చుకునేవాళ్లట. ఆ నీళ్లతోనే వాళ్లమ్మ చివరికి నేలను తప్ప ఆకాశాన్ని చూడలేనంతగా వంగిపోయిందట. ఆయన గాజు గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి, రంగు సరిగా చూడమన్నాడు.

ఇంత చూస్తూ కూడా నేను సాయంత్రం ఇంటికొచ్చి పెద్దమ్మ బావి నీళ్లే తాగేదాన్ని. ఒక్కసారైనా ఆ నీళ్లను సీసాలో పట్టి ల్యాబ్‌కి తీసుకెళ్లాలని తోచలేదు. ప్లాంటు నీళ్లు పని, ఇంటి నీళ్లు ఇల్లు అన్నట్టుండేది నా మనసుకి.

రెండో ఏడాది వేసవిలో పక్కనున్న పెంకుటిల్లు పడగొట్టి, మూడంతస్తుల మగపిల్లల హాస్టల్ కట్టారు. కంప్యూటర్ కోర్సులకు వచ్చినవాళ్లతో నెలలోనే అది నిండిపోయింది. మరుగుదొడ్ల గొయ్యి మా గోడను ఆనుకునే తవ్వారు. అప్పుడది ఎవరికీ పట్టలేదు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. బావి నీళ్లు చెయ్యి చాస్తే అందేంత పైకొచ్చాయి. పెద్దమ్మ మురిసిపోయింది. సాయంత్రాలు గట్టు మీద కూర్చుని కాళ్లు ఊపుతూ వాన చినుకులు నీళ్లలో వలయాలు చెయ్యడం చూసేది.

ఆ వానల్లోనే నాకు జ్వరం వచ్చింది. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. దవాఖానలో కామెర్లన్నారు. మూడు వారాలు మంచం మీదే. ఆ రోజులు నాకు ముక్కలు ముక్కలుగా గుర్తు. కిటికీలోంచి వచ్చే వెలుగు నిమ్మరసం రంగులో ఉండేది. గిలక చప్పుడు వినిపిస్తే మంచం మెల్లగా కిందికి దిగుతున్నట్టు, చుట్టూ రాతి గోడలు పైకి లేస్తున్నట్టు అనిపించేది. మా ఊరి కాలువ బండల మధ్యనుంచి పారుకుంటూ నా గదిలోకి వచ్చేది. దాని అడుగున అమ్మ కూర్చుని చిల్లగింజ అరగదీస్తుండేది. మెలకువ వచ్చేసరికి పెద్దమ్మ నా తల ఎత్తి చెంబుతో నీళ్లు తాగిస్తూ ఉండేది. బయటి తిండి వల్లే ఇదంతా అని, ప్లాంటు క్యాంటీన్‌ని తిట్టేది. నేను తాగుతూనే ఉన్నాను.

లేచి తిరగడం మొదలుపెట్టాక, పనిలో చేరిన మొదటి వారంలో, హాస్టల్లో కూడా ఇద్దరికి కామెర్లని విన్నాను. ఆ రోజు సాయంత్రం బావి దగ్గర నిలబడితే గోడ వైపు రాళ్ల సందుల్లో ఒక చెమ్మ చార కనిపించింది. నిన్నటిదాకా అది అక్కడ లేదో, నేను చూడలేదో తెలియదు.

మర్నాడు ల్యాబ్ నుంచి ఒక చిన్న పరీక్ష సీసా తెచ్చాను. అందులో మందు పట్టించిన కాగితం ముక్క ఉంటుంది. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చని చోట ఒక రోజు ఉంచాలి. నీళ్లలో మురుగు కలిసి ఉంటే సిరాలా నల్లబడతాయి. దాన్లో బావి నీళ్లు పట్టి తీసుకెళ్లి, ఇంకో సీసాలో ప్లాంటు నీళ్లు పోసి, రెండూ ల్యాబ్ అల్మారాలో పెట్టాను. మరుసటి ఉదయం తలుపు తెరిస్తే ఒకటి తేటగా, ఒకటి కారునలుపుగా ఉంది. పెద్ద కెమిస్టు రెండింటినీ చూసి, ఏ నీళ్లని అడగలేదు. ఇంకోసారి చెయ్యమన్నాడు. చేశాను. మళ్లీ అదే. నల్లబడింది మా ఇంటి బావి నీళ్లని అప్పుడు ఆయనకు చెప్పాను.

చెప్పాలి. ఆ సాయంత్రమే చెప్పాలనుకుంటూ ఇంటికి వెళ్లాను. పెద్దమ్మ పాలకూర ఏరుతోంది. నాకు పథ్యం వంట చేసి పెట్టిందామె. జ్వరంలో నా బట్టలు ఉతికిందామె. ఆ బండ కింద దొరికిన వేలెడంత ధార గురించి నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఆ మాట చెప్పలేదు. నేను మాత్రం ప్లాంటు నుంచి క్యాన్ తెచ్చుకుని, కడుపు ఇంకా కుదురుకోలేదని వంక చెప్పాను. మరుసటి రోజూ చెప్పలేదు. ఆ మరుసటి రోజూ. నాలుగు రోజులు డాబా మీదనుంచి చూస్తూ నిలబడ్డాను. బిందెలు నిండుతున్నాయి, తలల మీదికెక్కుతున్నాయి, వీధి చివర మలుపు తిరిగి మాయమవుతున్నాయి. అంతా ఎవరో చెబుతున్న కథలా నాకు సంబంధం లేనట్టు సాగిపోయేది.

నాలుగో రోజు సాయంత్రం ఆ పాలమూరామె రాలేదు. కూతురికి వాంతులు, విరేచనాలు అయి కళ్లు లోపలికి పోయాయనీ, రిక్షాలో దవాఖానకు తీసుకుపోయారనీ పక్క గుడిసె ఆమె చెప్పింది.

మరునాడు ప్లాంటుకు పోగానే పెద్ద కెమిస్టు అడిగాడు. “చెప్పినవా అమ్మా?”

లేదని తలూపాను. ఆయన కోప్పడలేదు. కాసేపు బల్లమీద సీసాలు సర్ది, “మా ఊర్ల గుడ ఒకాయనకు తెల్సు,” అన్నాడు. “చదువుకున్నాయన. నీళ్లు మంచియి గావని తెల్సు. ఊరోళ్లు నమ్మరని ఊకున్నడు. నాకప్పుడు పదేండ్లు.”

ఆ రెండు సీసాలు చేతిసంచిలో వేసుకుని, సెలవు చెప్పి, ఇంటికి నడిచాను. పెద్దమ్మ మేకలకు ఆకు వేస్తోంది. సీసాలు గట్టు మీద పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కడి నీళ్లో, నలుపంటే ఏమిటో చెప్పాను. హాస్టల్ గొయ్యి గురించి చెప్పాను. నా కామెర్ల గురించి, ఆ పిల్ల గురించి చెప్పాను. ఐదు రోజుల కిందటే నాకు తెలుసనీ చెప్పాను. ఆమె నల్ల సీసాను చేతిలోకి తీసుకుని ఎండకేసి చూసింది.

“గిది నా బాయి నీళ్లేనా?”

“అవును పెద్దమ్మా. రెండుసార్లు చూశానండి.”

ఆమె సీసా కింద పెట్టింది. బొక్కెన వేసి నీళ్లు తోడింది. చెంబు ముంచి, నా మొహంలోకి చూస్తూ, గటగటా మొత్తం తాగేసింది. నేను ఆపబోయి ఆగిపోయాను. చెంబు బోర్లించి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ రోజంతా బయటికి రాలేదు.

మర్నాడు నాకు గిలక చప్పుడు వినిపించలేదు. చాలాసేపు మంచం మీద అలాగే పడుకుని విన్నాను. కంకర మిషన్, కాకులు, ఎక్కడో రేడియో, ఇవే. కిందికి దిగి చూస్తే బావి మీద నులకమంచం బోర్లించి, దానిమీద రెండు రాళ్లు పెట్టి ఉంది. పెద్దమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. బిందెలతో వచ్చిన ఆడవాళ్లు ఏమైందని అడుగుతున్నారు. బావి చెడిపోయిందన్న మాట ఆమె నోట రాలేదు.

“బాయి పండుకున్నది,” అంది. “జర దాన్ని పండనియ్యుండ్రి. లేసినంక నేనే పిలుస్త.”

వాళ్లు ఒకరినొకరు చూసుకుని, ఖాళీ బిందెలతో వెళ్లిపోయారు. నేను దగ్గరికి వెళ్తే ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా, బరువుగా ఉంది. ఏం చెయ్యాలో అడిగింది.

ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి పెద్ద కెమిస్టు గోడ పట్టుకుని మా గేటు దాటుతున్నాడు. ఇద్దరు పనివాళ్లతో, ఒక మోటారుతో వచ్చాడు. బావి నీళ్లన్నీ తోడించాడు. అడుగు కనిపించినప్పుడు పెద్దమ్మ వంగి చూసి, బండ మీద సుత్తి దెబ్బలు ఇంకా అట్లాగే ఉన్నాయని మెల్లగా అంది. లోపలి రాళ్లను బ్లీచింగ్ నీళ్లతో రుద్దించారు. ఆ చెమ్మ చార ఉన్న సందును సిమెంటుతో మూయించారు. ఊట నీళ్లు మళ్లీ నిండడానికి రెండు రోజులు పట్టింది. అప్పుడాయన ఒక మట్టికుండకు చిల్లులు పెట్టి, అడుగున గులకరాళ్లు, మధ్యలో ఇసుక కలిపిన బ్లీచింగ్ పౌడరు, పైన మళ్లీ గులకరాళ్లు నింపి, తాడుకట్టి నీళ్లలోకి దించాడు. మందు ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా కరుగుతుందని, రెండు మూడు వారాలకొకసారి మార్చాలని పెద్దమ్మకు చెప్పాడు. ఆమె అన్నీ శ్రద్ధగా విని, అన్నం తినకుండా పోవద్దని ఆయన్ని కూర్చోబెట్టింది. పీట మీద కూర్చోలేడని తెలిసి లోపల్నుంచి ఎత్తు స్టూలు తెచ్చింది.

గొయ్యి అక్కడే ఉంటే ఇదంతా మూణ్నాళ్ల ముచ్చటే. పెద్దమ్మ నల్ల సీసాను కొంగులో చుట్టుకుని హాస్టల్‌కు వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. హాస్టలాయన గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. ముందు తనకేం సంబంధం లేదన్నట్టు మాట్లాడాడు. పెద్దమ్మ తగువు పెట్టుకోలేదు. సీసా ఆయన బల్ల మీద పెట్టి, మీ పిల్లలు గుడ గిదే బాయి నీళ్లు తాగిన్రు అని ఒక్క మాట అని కూర్చుంది. ఆయన సీసా చూశాడు. కామెర్లొచ్చి ఊరెళ్లిపోయిన ఇద్దరు కుర్రాళ్లు గుర్తొచ్చారో ఏమో, “మార్పిస్తానండి” అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. దసరాలోపు అవతలి వైపు, నీరు ఇంకని కాంక్రీటు ట్యాంకు కట్టించి పాత గొయ్యి పూడ్పించాడు.

ఆ రోజుల్లో పెద్దమ్మకు నేను ప్లాంటు నీళ్లు తెచ్చేదాన్ని. ఆమె ఒక గుక్క తాగి, చెంబులోకి అనుమానంగా చూసి, “ఇండ్ల ఏం లేదు బిడ్డా,” అనేది. ఏమీ లేకుండా చెయ్యడమే మా పనని నేను చెబితే, గట్ల ఏం లేని నీళ్లు కడుపుల పోయి ఏం జేస్తయని అడిగేది. తర్వాత తర్వాత బావి నీళ్లే మరగకాచి, మూతపెట్టి చల్లార్చుకుని తాగడం మొదలుపెట్టింది.

ఆ పిల్ల ఆరు రోజులకు దవాఖాన నుంచి వచ్చింది. చిక్కి సగమైపోయింది. నేను గుడిసెకు వెళ్లేసరికి తల్లి దానికి గంజి పడుతోంది. నాకు కూర్చోవడానికి ఇటుక మీద గోనె పరిచింది. అక్కడ కూర్చుని, నాలుగు రోజులు తెలిసి కూడా చెప్పలేదని, తప్పు నాదని చెప్పాను. ఆమె గంజి పట్టడం ఆపలేదు. పడుతూనే అంది:

“నువ్వు జెప్పినా నేను ఏడికెల్లి తెస్తుంటి అక్కా నీళ్లు?”

అందులో కోపం లేదు. క్షమించడం కూడా లేదు. నిజంగానే అడిగింది. ఆమె మళ్లీ గరిటె ముంచింది. పిల్ల గంజి తాగుతూ నన్ను చూసి, గుర్తుపట్టి, కళ్లతో నవ్వింది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇసుక తొట్టి దగ్గర, బొగ్గు తొట్టి దగ్గర, ఊదా దీపం దగ్గర, ఎక్కడ నిలబడ్డా నీళ్ల చప్పుడులో అదే వినిపించేది. వారం తర్వాత పెద్ద కెమిస్టుతో చెప్పాను. ఇద్దరం కలిసి యజమాని గదికి వెళ్లాం. గుడిసెలవాళ్లు ఊరికే పట్టుకుపోయేలా ప్లాంటు ప్రహరీ బయటివైపు ఒక కుళాయి పెట్టమని అడిగాం. ఆయన ఒప్పుకోలేదు. పెద్ద కెమిస్టు మళ్లీ మళ్లీ వెళ్లాడు. ఆ వంగని నడుంతో రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడేవాడు. పదో రోజో, పదకొండో రోజో యజమాని విసిగిపోయి, పొద్దున రెండు గంటలు మాత్రమేనని ఒప్పుకున్నాడు. రెండు గంటలు చాలు.

దసరా తర్వాత బావి నీళ్లు మూడుసార్లు పరీక్ష చేశాను. మూడుసార్లూ తేటగానే ఉన్నాయి. పెద్దమ్మ మంచం తీసి, వీధి చివరిదాకా నడిచి వెళ్లి అందరినీ పిలిచింది. కొందరు వచ్చారు. కొందరు అప్పటికే కుళాయికి అలవాటు పడ్డారు. క్లోరిన్ వాసన నచ్చక ఒకరిద్దరు మొహం చిట్లించారు. ఆమె ఏమీ అనుకోలేదు. కాచుకుని తాగమని మాత్రం ప్రతి బిందెకూ చెప్పేది.

చలికాలం వచ్చేసరికి అక్కడి కట్టడం పని అయిపోయింది. కూలీలను కొండాపూర్ వైపు ఇంకో పనికి తీసుకుపోతున్నారు. లారీ వచ్చిన ఉదయం నేను గుడిసెల దగ్గరికి వెళ్లాను. ఆ తల్లికి పటిక ముక్క ఒకటి, క్లోరిన్ బిళ్లల పొట్లం ఒకటి ఇచ్చాను. కొత్త చోట నీళ్లు మురికిగా ఉంటే ముందు పటిక తిప్పాలి, తేటపడ్డాక బిందెకు ఒక బిళ్ల వెయ్యాలి, అరగంట ఆగాలి, చెయ్యి ముంచకుండా గరిటెతో తీసుకోవాలి. పుల్లలు దొరికిన రోజు మరగకాస్తే ఇంకా మంచిది. ఆమె ఒక్కొక్కటీ తిరిగి చెప్పింది, వేళ్లు మడుస్తూ. ఒకచోట తప్పింది. దిద్దాను. మళ్లీ మొదటినుంచి చెప్పింది.

లారీ కదిలింది. మంచులో బండల మధ్య దారి తెల్లగా, మెత్తగా ఉంది. గిన్నెలు, తడకలు, మూటల మీద కూర్చున్న ఆ పిల్ల చెయ్యి ఊపుతోంది. తల్లి ఇంకా పెదవులు కదుపుతూనే ఉంది. వేళ్లు మడుస్తూనే ఉంది.